దీపం పట్టిన చేయే ప్రశ్నలూ రాసింది

నర్సు అనగానే గుర్తొచ్చే పేరు ఫ్లోరెన్స్‌ నైటింగేల్‌. చేతిలో దీపం, మంచం మీద గాయపడ్డ సైనికుడు... మనం బడి పుస్తకంలో చూసిన బొమ్మ అదే. నిజానికి ఆమె జీవితంలో ఎక్కువ కాలం గడిచింది వార్డులో కాదు, కాగితాల మధ్య! బాధను లెక్కగట్టి చూపితేనే దొరలు కదులుతారని గ్రహించిన మనిషి ఆమె.

సంపన్న ఆంగ్ల కుటుంబంలో 1820 మే 12న పుట్టారు. అప్పట్లో నర్సు పనంటే చులకన. ఇంట్లోవాళ్లు వద్దన్నా ఆ దారే ఎంచుకున్నారు. 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. అక్కడ గాయాలకన్నా టైఫస్‌, కలరా, విరేచనాలే ఎక్కువ మందిని బలిగొన్నాయి.

రాత్రింబవళ్లు పనిచేసిన ఆమెకు 1855 మేలో తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణాల మీదికి తెచ్చింది. యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌ చేరినా కోలుకోలేదు. 1857 నుంచి ఏళ్ల తరబడి చాలావరకు మంచానికే పరిమితమయ్యారు. అది బ్రూసెల్లోసిస్‌ కావొచ్చని నేటి వైద్యులు చాలామంది అనుకుంటారు. కాబట్టి దాన్ని ‘బర్నవుట్‌’ అనెయ్యటం తొందరపాటే అవుతుంది.

ఆ మంచం మీంచే ఆమె ప్రశ్నలు రాశారు. భారతదేశంలోని సైనిక స్థావరాలకు ప్రశ్నావళి పంపించారు. తాగునీరు ఎక్కడిది? మురుగు ఎటు పోతుంది? బ్యారక్‌లో ఎంతమంది? మన దేశంలో అడుగుపెట్టకుండానే, ఇక్కడి బ్రిటిష్‌ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారన్న చేదు నిజాన్ని లోకం ముందుంచటంలో ముఖ్యపాత్ర పోషించారు.

ఆసుపత్రులన్నీ ఒకే తీరున వివరాలు రాసేలా ఫారాలు కూడా తయారుచేశారు. ముందుగా కొన్ని లండన్‌ ఆసుపత్రుల్లో వాడి చూశాకే, 1860లో అంతర్జాతీయ గణాంక మహాసభ ముందు పెట్టారు. అయితే వాటిని నింపటం భారమవటంతో ఎక్కువ కాలం నిలవలేదు. ప్రశ్నావళి ఎంత గొప్పదైనా, జవాబు రాసేవాళ్లకు తీరిక ఉండాలిగా!

నర్సు మనసు ఎంత అలిసిందని అడిగే గడి మాత్రం ఆ ఫారాల్లో లేదు. అది రావటానికి వందేళ్లు దాటింది. 1981లో క్రిస్టినా మాస్లాక్‌, సుసాన్‌ జాక్సన్‌ 22 అంశాలతో ఒక ప్రశ్నావళి రూపొందించారు. మనసు ఇంకిపోవటం, రోగుల పట్ల మనిషిలో రాయితనం రావటం, తన పని మీద తనకే నమ్మకం సడలటం... ఈ మూడింటినీ అది విడివిడిగా కొలుస్తుంది.

ఇలాంటివి తెలుగులోకి మార్చేస్తే సరిపోదు. నైట్‌ డ్యూటీ దిగిన నర్సును ‘అలిసిపోయారా?’ అంటే ఎవరైనా అవుననే అంటారు. అందుకే ‘ఎన్ని రోజులకోసారి ఇలా అనిపిస్తోంది?’ అని అడగాలి. ప్రశ్నను అందరూ ఒకేలా అర్థం చేసుకుంటున్నారా? పరిస్థితి మారకపోతే, కొన్ని వారాల తర్వాతా దాదాపు అదే స్కోరు వస్తోందా? కుంగుబాటును బర్నవుట్‌గా పొరబడుతోందా? ఇవన్నీ పరీక్షించాకే దాన్ని నమ్మాలి. జవాబులు పైఅధికారి చూస్తారన్న భయముంటే అందరూ ‘బాగానే ఉన్నాం’ అనే రాస్తారు. కాబట్టి పేరు అడగకూడదు.

బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్యసంస్థ జబ్బుగా కాదు, పనిచేసే చోటుకు సంబంధించిన సమస్యగా చూస్తోంది. అంటే స్కోరు ఎక్కువొస్తే సరిదిద్దాల్సింది నర్సును కాదు. డ్యూటీ చార్టును, సిబ్బంది సంఖ్యను, సెలవులను.

నైటింగేల్‌ 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె పుట్టినరోజునే నర్సుల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. మీ ఇంట్లో నర్సు ఉంటే ఆ ఒక్క రోజు శుభాకాంక్షలతో సరిపెట్టకండి. నిద్ర పడుతోందా, పనికెళ్లాలంటే దిగులుగా ఉంటోందా అని అడగండి. వారాల తరబడి అలాగే ఉంటే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఇంటి పని కాస్త పంచుకోండి.