వేణు బప్పు

హైదరాబాదు నగరంలోని బేగంపేటలో నిజామియా వేధశాల ఉండేది. అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు, ఆ పరిసరాలలో పెరిగి, భారతీయ ఖగోళశాస్త్రానికి కొత్త దిశను చూపాడు. ఆయనే మానాలి కల్లాట్ వేణు బప్పు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించారు. వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలపై విద్యార్థిదశలోనే పరిశోధన ప్రారంభించారు. 1949లో హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనంతో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆ ఏడాది జూలైలో ఆయన తీసిన ఛాయాచిత్రంలో ఒక కొత్త తోకచుక్క కనిపించింది. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అనే పేరు స్థిరపడింది. నక్షత్రకాంతిలోని కాల్షియం రేఖ వెడల్పును బట్టి ఆ నక్షత్రపు నిజమైన తేజస్సును నిర్ణయించవచ్చునని విల్సన్‌తో కలిసి నిరూపించారు. 1957లో ప్రకటితమైన ఈ సూత్రం నక్షత్రాల దూరాలను లెక్కించడానికి తోడ్పడింది.

విదేశాలలో మహత్తర అవకాశాలున్నా ఆయన స్వదేశానికే తిరిగివచ్చారు. ఇక్కడ ఆధునిక పరిశోధనకు తగిన పెద్ద దూరదర్శిని లేదు. ఆ కొరతను తీర్చడమే జీవితలక్ష్యంగా పెట్టుకున్నారు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు సంచాలకులయ్యారు. తమిళనాడులోని జవాది కొండలలో కావలూరు అనే చోటును ఎంపికచేసి, 1968లో అక్కడ పరిశీలనలు ఆరంభింపజేశారు. 1972లో అక్కడ ఒక మీటరు దూరదర్శిని వెలసింది. 1977లో యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు దాని చుట్టూ వలయాలున్నట్లు గుర్తించిన కేంద్రాలలో కావలూరు కూడ ఒకటి.

భారతీయ నిపుణుల చేతనే 2.34 మీటర్ల దూరదర్శినిని నిర్మింపజేయాలని ఆయన సంకల్పించారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. కాని ఆ దూరదర్శిని పూర్తికాక మునుపే, 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో తుదిశ్వాస విడిచారు. 1986లో జాతికి అంకితమైన ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు.

2008లో అమెరికాలోని హవాయి దీవుల దూరదర్శినులు, హెచ్ఆర్ 8799 అనే తరుణ నక్షత్రం చుట్టూ తిరిగే మహాగ్రహాలను ఛాయాచిత్రాలలో బంధించాయి. కొత్తగా పుట్టిన గ్రహాలు ఇంకా వేడిగా ఉండి పరారుణకాంతిని వెదజల్లుతాయి. కనుక నక్షత్రపు మిరుమిట్లను అణచివేస్తే అవి కంటబడతాయి. అట్టి మసక వెలుగులను పట్టడానికి పెద్ద దర్పణం కావాలి, అనువైన కొండ కావాలి, ఓర్పు కావాలి. ఈ మూడింటినీ మన దేశంలో సమకూర్చడానికే వేణు బప్పు తన జీవితాన్ని వెచ్చించారు.