సర్ ఆర్థర్ కాటన్ దొరగారు

గోదావరి డెల్టాలో కాటన్ దొరగారి పేరు ఎరుగని బాలుడుండడు. అచ్చటి గ్రామములలో ఆయన విగ్రహములు నిలిపి పూలమాలలు వేయుచున్నారు. అదే గోదావరి మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల నడుమ ఎల్లయై పారుచున్నను, ఇచ్చట ఆయనను గూర్చి తెలిసినవారు కొలదిమందియే. ఆయన జీవితములో నెరవేరక మిగిలిపోయిన పెద్దపని మన యొడ్డునకు సంబంధించినదే. కావున ఈ సంచికలో ఆయన చరిత్రము వ్రాయుట యుక్తమని తలచితిమి.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డు సీమలోని వుడ్‌కోటు గ్రామమందు జన్మించెను. తలిదండ్రుల పదునొకండుగురు కుమారులలో ఆయన పదియవవాడు. పదునేనవ యేట అడిస్‌కోంబులోని సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము పొంది, 1821లో మనదేశమునకు వచ్చెను. అప్పటికాయనకు పదునెనిమిదేండ్లు. మన పై తరగతుల విద్యార్థుల ప్రాయమే.

ఆయనకు నిజమైన బడి తంజావూరు. అచ్చట కావేరిపై చోళరాజులు కట్టించిన కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. అడుగున రాయి దొరకని ఇసుకనదిలో కట్టడమెట్లు నిలుచునని ఆనాటి పాశ్చాత్య యంత్రశాస్త్రజ్ఞులు సందేహించుచుండగా, ఈ కట్టడము శతాబ్దములుగా నిలిచియుండెను. దాని పునాదిని కాటన్ దొరగారు శ్రద్ధతో పరిశీలించి, ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశపు పూర్వుల వద్దనే నేర్చుకొంటినని తరువాత మరుగులేక ఒప్పుకొనిరి. ఆ విద్యతోనే 1836 మొదలు కొల్లడము నదిపై రెండు ఆనకట్టలు కట్టించి, తంజావూరు పొలములకు నీరు తప్పకుండునట్లు చేసిరి. పాలించువాడు పాలితుని పనితనమునుండి నేర్చుకొనుట ఆ కాలమున అరుదు. మా దృష్టిలో ఆయన గొప్పతనమునకు మొదటి గుర్తు ఇదియే.

ఇంతలో తెలుగుదేశమున ఘోరమైన విపత్తు సంభవించెను. 1832–33లో, నందన సంవత్సరమున, వానలు తప్పి గుంటూరు సీమలో కరువు పుట్టెను. సుమారు 5 లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ మరణించిరని లెక్కలు చెప్పుచున్నవి. కొందరు 2 లక్షలనియు వ్రాసిరి. ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. దేశములో ధాన్యమే లేకపోలేదు. ఉన్నచోటినుండి లేనిచోటికి తెచ్చుటకు దారి లేదు. ఆ కాలమున ధాన్యమును, ఉప్పును మోయునవి పెరికెద్దులు. లంబాడీలు మందలు మందలుగా ఎద్దులను తోలుకొని తీరమునుండి ఉప్పును లోపలిదేశమునకును, లోపలినుండి గింజలను తీరమునకును చేర్చుచుండిరి. కరువునాడు మొదట ఎండునది గడ్డి. ఎండిన గడ్డితో మొదట చచ్చునవి ఎద్దులు. ధాన్యము మిక్కిలి అవసరమైన దినములలోనే దానిని మోయు కాళ్లు విరిగిపోయెడివి.

మన పల్లెలలోని పూర్వులు కరువునకు సిద్ధపడనివారు కారు. జొన్నలు పాతరలలో పోసి మన్ను కప్పెడివారు; వడ్లు గరిసెలలోను, గుమ్ములలోను నింపెడివారు; విత్తనపు గింజను ఆకలికి సైతము ముట్టకుండ వేరుగ దాచెడివారు. చెరువునకు దిగువ చెరువుగా, ఒకదాని అలుగునీరు మరియొకదానికి చేరునట్లు, కాకతీయులనాడే గొలుసుకట్టు చెరువులు వెలసెను. ఈ జాగ్రత్త గొప్పదే. కాని పాతర ఒక యేడు కాచును, రెండవ యేడు వాన తప్పినచో ఖాళీ యగును. చెరువు పైవాన కురిసిననే నిండును. పెద్దనది సంగతి వేరు. గోదావరి నాసికము చెంత పడమటి కనుమలలో పుట్టి, ప్రాణహిత మధ్యదేశపు అడవుల నీటిని మోసికొని వచ్చి, మరియొక సీమలో కురిసిన వానను మన గడపకు తెచ్చుచున్నవి. ఏడేండ్ల సమృద్ధిలో ఏడేండ్ల కరువునకు గింజ దాచిన యోసేపు కథ మనమెరుగుదుము. నీటిని దాచి మళ్లించినచో గింజ ఏటేట పుట్టును, అదే కాలువమీద పడవ గింజను మోయును, పడవకు గడ్డి అక్కరలేదు. కాటన్ దొరగారి ఆలోచన అంతయు ఇందే యున్నది.

1844లో ఆయన గోదావరిని పరీక్షించి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసిరి. అప్పటి రాజమండ్రి జిల్లా స్థితి దీనము. 1821లో 7 లక్షలకు మించియున్న జనసంఖ్య ఇరువదేండ్లలో 5 లక్షల చిల్లరకు దిగిపోయెను. నది మాత్రము ప్రతి యేడు ఆ యాకలిగొన్నవారి కన్నుల యెదుటనే సముద్రములో కలియుచుండెను. కరువువలన సర్కారు పోగొట్టుకొను శిస్తు ముందు ఆనకట్ట ఖర్చు తక్కువయే యని ఆయన లెక్కకట్టి చూపిరి. దయకు కరగని కంపెనీవారు లెక్కకు కరగిరని మాకు తోచుచున్నది! 1847లో ధవళేశ్వరమున పని మొదలయ్యెను.

నది అచ్చట సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. నడుమనున్న లంకలను ఆసరాగా గొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిరి. రాయి ప్రక్కకొండనుండి పట్టాలమీద బండ్లతో వచ్చెను. వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు గుమిగూడిరి. వరదకాలమున పని సాగదు. పునాది లేపిన భాగమును మరల వరద వచ్చులోపల భద్రపరుపవలెను. వీణెం వీరన్నగారను తెలుగు ఉద్యోగి ఈ పనిలో దొరగారికి కుడిభుజమై, తరువాత రాయ్ బహదూర్ బిరుదు పొందెను. 1848లో దొరగారికి ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. ఆ కాలమున కెప్టెన్ ఆర్ పని సాగించెను. 1850లో కాటన్ తిరిగివచ్చిరి. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఇప్పుడు ఆ చోటున నున్నది 1970–82 నడుమ కట్టిన బ్యారేజి. అదియు ఆయన పేరనే పిలువబడి సుమారు 10 లక్షల ఎకరములకు నీరిచ్చుచున్నది.

ఫలితము పరీక్షకు వచ్చినది 1876–78లో. దక్షిణదేశమంతయు కరువుతో అల్లాడిన ఆ యేండ్లలో గోదావరి డెల్టా తనకు తాను తినుటయే గాక, కాలువలమీద పడవలలో ఇతర సీమలకు ధాన్యము పంపెను. నలువది యేండ్ల క్రిందట జనము తరిగిపోయిన జిల్లాకు ఇప్పుడు ఆకలిగొన్నవారు వలస వచ్చిరి.

ఇక మన యొడ్డు సంగతి. ధవళేశ్వరము ముగియగానే దొరగారి చూపు నదికి ఎగువను తిరిగెను. రాజమండ్రినుండి గోదావరిమీద, ప్రాణహితమీద, వార్ధామీద బేరారు వరకు పడవలు నడచినచో, లోపలి ప్రత్తి సముద్రమునకు దిగును, తీరపు ఉప్పును బియ్యమును లోపలికి ఎక్కును. దారిలో మూడుచోట్ల రాతిబండలు నదిని అడ్డగించుచున్నవి: మొదటిది దుమ్ముగూడెము, రెండవది కాళేశ్వరమునకు దిగువ, మన మహాదేవపురము సీమలోని ఇంచంపల్లి, మూడవది ఆదిలాబాదు సీమ యెల్లగానున్న ప్రాణహితమీద దేవలమర్రి. ఆనకట్టలు, ప్రక్కకాలువలు, నీటితలుపులు కట్టి ఈ మూడింటిని దాటింపవలెనని తలపు. హెయిగ్ అను ఇంజనీరు నదినంతను కొలిచి నివేదిక వ్రాసెను. 1860 సంధిలో నిజాము ప్రభుత్వము సిరొంచ మొదలగు ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి విడిచి, గోదావరిమీది సరకునకు సుంకము లేకుండ ఒప్పుకొనెను. అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి 1861 నుండి ప్రత్తి ధర పెరుగుటచే పనికి బలము చేకూరెను.

కాని పని ముగియలేదు. అడవిజ్వరము కూలీలను పడగొట్టెను; వేసవిలో నీరు చాలదని విమర్శకులు పట్టుపట్టిరి; 1865లో అమెరికా యుద్ధము ముగిసి ప్రత్తి ధర పడిపోయెను; 1867లో బొంబాయి రైలు నాగపురమునకు చేరి, ఏ సరకుకై నది దారి కట్టుచుండిరో ఆ సరకును ఎత్తుకొనిపోయెను. 1871లో పని మానివేసిరి. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని నిలిచియున్నది. దానికి ఎగువనున్న మన భాగము కాగితములలో మిగిలెను.

దొరగారు దీనికి ఎన్నడును సమాధానపడలేదు. 1878లో పార్లమెంటు విచారణసంఘము ఎదుట నిలిచి, రైళ్లకు పోసిన ధనము కాలువలకు పోసినచో కరువు చావులు తప్పెడివని వాదించిరి. సంఘమువారు ఆయనను ఆదరింపలేదు. ఇందులో ఆయనది అంతయు న్యాయమని మేమనజాలము. ఆ కరువులోనే రైలు గింజ మోసి అనేకులను బ్రతికించెను. వేసవి గోదావరిలో ఇసుకతిన్నెలు చూచినవారెవరును పండ్రెండు నెలలు పడవలు నడచునని సులభముగ నమ్మరు. అయినను రైలు గింజను మోయునేగాని పండింపదన్న ఆయన మాటకు సరియైన ప్రత్యుత్తరము ఎవరును చెప్పలేదు.

మన భాగమునకు నీటిపని మరల నూరేండ్లకు దగ్గరగా వచ్చెను. 1963లో పోచంపాడున పునాది వేయబడిన శ్రీరామసాగరము కరీంనగరు పొలములకు కాలువలు తెచ్చెను. కాళేశ్వరము దిగువ మేడిగడ్డ బ్యారేజి 2019లో ప్రారంభమై, 2023 అక్టోబరులో కొన్ని స్తంభములు క్రుంగిపోయెను. ఇసుకనదిలో పునాది సంగతి నేటికిని చిన్నది కాదు.

కాటన్ దొరగారికి 1861లో సర్ బిరుదు లభించెను. వృద్ధాప్యమున డార్కింగు పట్టణములో నివసించుచు, లోతుగ త్రవ్విన మడిలో గోధుమ పండించి కొలది నేలలో ఎక్కువ గింజ తీయుటను పరీక్షించుచుండిరి. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల ప్రాయమున, అచ్చటనే మరణించిరి. ఆ యేడే మనదేశమున వానలు తప్పి, నిజాము రాజ్యపు పడమటి జిల్లాలలోను, గుజరాతులోను, రాజపుత్రస్థానములోను మరల కరువు మొదలయ్యెను.