మాట తప్పని అమీర్ అబ్దుల్ ఖాదర్

అల్జీరియా రాజధాని అల్జీర్స్ నడిబొడ్డున, ఒక చౌరస్తాలో, గుర్రంపై కత్తి పట్టిన వీరుని కంచు విగ్రహం ఉన్నది. ఒకప్పుడు అక్కడ ఫ్రెంచి సేనాని బుజో విగ్రహం ఉండేది. 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని తీసేశారు. బుజో ఎవరిపై యుద్ధం చేశాడో, చివరికి ఆ చోటు ఆయనకే దక్కింది. ఆయనే అమీర్ అబ్దుల్ ఖాదర్. ఆయన కత్తి కంటే ఆయన మాట గొప్పది. ఆ సంగతి మన పిల్లలకు తెలియాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

అమీర్ 1808లో మస్కరా పట్టణం దగ్గర ఒక ధార్మిక కుటుంబంలో జన్మించారు. చిన్ననాడే ఖురాన్ కంఠస్థం చేశారు, తండ్రితో కలిసి హజ్ యాత్ర చేశారు. 1830లో ఫ్రెంచివారు అల్జీర్స్‌ను ఆక్రమించారు. 1832లో తెగల పెద్దలు 24 ఏళ్ళ ఈ యువకుణ్ణి తమ అమీరుగా ఎన్నుకున్నారు. పదిహేనేళ్ళు పోరాటం సాగింది. యుద్ధ ఖైదీలను దయతో చూడాలని ఆయన తన సైనికులను ఆజ్ఞాపించారు.

1847 డిసెంబరులో, ఇక బలం చాలక, ఆయుధాలు దించారు. అలెగ్జాండ్రియాకో, అక్కాకో పంపుతామని ఫ్రెంచివారు మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. కుటుంబంతో సహా 1852 వరకు ఫ్రాన్సులో నిర్బంధించారు. వెంట వెళ్ళినవారిలో కొందరు అంబువాజ్ కోటలోనే కన్నుమూశారు. విడుదలైనప్పుడు అమీర్ మళ్ళీ ఫ్రాన్సుపై కత్తి ఎత్తనని మాటిచ్చారు. చివరిదాకా ఆ మాట మీదే నిలబడ్డారు.

1855 నుంచి దమస్కస్‌లో ఉంటూ చదువు చెప్పుకుంటూ కాలం గడిపారు. 1860 జూలైలో అక్కడ అల్లరి మూకలు క్రైస్తవుల వాడపై పడ్డాయి. ఇళ్ళు తగలబడ్డాయి. అమీర్ తన అల్జీరియా అనుచరులతో వీధుల్లోకి వెళ్ళి, దొరికినవారినల్లా తన ఇంటికి చేర్చారు. వారిలో ఫ్రెంచివారు కూడా ఉన్నారు! తనను చెరలో పెట్టిన దేశం వాళ్ళని చూడలేదు. మూక వచ్చి వారిని అప్పగించమంటే ససేమిరా అన్నారు. ఇల్లు చాలకపోతే కాపలా పెట్టి నగర కోటకు పంపించారు. ఆ విధంగా వేలాదిమంది బతికి బయటపడ్డారు. ముస్లింగా అది తన విధి అనే ఆయన భావించారు.

ఫ్రాన్సు తన అత్యున్నత పతకమిచ్చి గౌరవించింది. అమెరికా అధ్యక్షుడు లింకన్ పిస్తోళ్ళు బహుమతిగా పంపారు. 1883లో అమీర్ దమస్కస్‌లో పరమపదించారు. 1966లో ఆయన అస్థికలను స్వదేశానికి తెచ్చుకున్నారు.

విగ్రహంలో గుర్రం, కత్తి కనిపిస్తాయి. దమస్కస్‌లో తెరిచిన ఆ తలుపు కనిపించదు. ఆపదలో ఎవరైనా మన గడప తొక్కినప్పుడు, నీదే మతమని అడిగేముందు, ఆ ఇంటిని ఒక్కసారి తలచుకుందాము.