మెట్రిక్ రెండుసార్లు తప్పిన శాస్త్రవేత్త: డా. యల్లాప్రగడ సుబ్బారావు

దసరాల్లో సరస్వతీ పూజ నాడు మన ఇళ్ళలో పిల్లల పుస్తకాలన్నీ అమ్మవారి ముందు పెడతాం. బాగా చదివేవాడి పుస్తకాల పక్కనే చదువంటే పారిపోయేవాడి పుస్తకాలూ ఉంటాయి. ఈ పండుగ సంచికకి ఆ రెండోవాడి కథ రాయాలనిపించింది. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. మా వైద్యులం రోజూ రాసే మందుల్లో కొన్ని ఆయన, ఆయన సహచరులు ఇచ్చినవే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకున్నారు. ఏడుగురు పిల్లలు, చాలీచాలని రాబడి. తల్లి వెంకమ్మ గారికి పిల్లల చదువే ఆశ. రాజమండ్రిలో చదువుతున్న సుబ్బారావుకి మాత్రం బడి వంటబట్టలేదు. 13 ఏళ్ళ వయసులో, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు. వెతికి పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. చిన్న ఊళ్ళో ఇలాంటి కుర్రాడి గురించి ఎవరేమనుకుంటారో మనకు తెలియనిది కాదు. వెంకమ్మ గారు మాత్రం వదిలిపెట్టలేదు. తన నగలు అమ్మి మద్రాసు పంపారని చెబుతారు. అక్కడ హిందూ హైస్కూల్లో మూడోసారికి గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాక మనసు సన్యాసం మీదికి మళ్ళింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే వైద్యం చదవవచ్చు కదా అన్న సలహాతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అక్కడా ఇమడలేదు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ గారికి నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ఈ మధ్యలోనే ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వకుండా మనిషిని నీరసింపజేసి, రక్తహీనత తెచ్చే జబ్బు అది. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు.

మామగారి సాయంతో 1920ల మొదట్లో అమెరికాలోని హార్వర్డ్ చేరారు. డబ్బు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. ఫిస్క్ గారితో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. వైద్య విద్యార్థులు దాన్ని ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా చదువుకుంటారు. మన ఒంట్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో, ఎలా ఖర్చవుతుందో చెప్పే ఫాస్ఫోక్రియేటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను ఆ ప్రయోగశాలలోనే గుర్తించారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకెళ్ళిన స్ప్రూకి అది పనిచేసింది. ఈనాడు గర్భిణీ స్త్రీలకు ఇచ్చే చిన్న మాత్రలో ఉండేది అదే. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటితో 1948లో ఫార్బర్ గారు పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా అదుపు చేయవచ్చని చూపించారు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఈనాడు కీళ్ళ వాతానికీ ఇస్తున్నాం. గోదావరి జిల్లాలవారికి బాగా తెలిసిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో గుండె ఆగి చనిపోయారు. అమెరికా వెళ్ళాక మళ్ళీ స్వదేశం రానేలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన పడ్డ కష్టం గురించి చెప్పేటప్పుడు ఆమె కష్టాన్నీ మరువకూడదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

పరీక్ష తప్పిన ప్రతి పిల్లవాడూ సుబ్బారావు అవుతాడని నేననను. కానీ పది, పన్నెండు తరగతుల పరీక్షలు దగ్గరపడితే కడుపునొప్పి అనీ, నిద్ర పట్టడం లేదనీ పిల్లలు మా దగ్గరికి వస్తుంటారు. కువైట్‌లో మన తెలుగు కుటుంబాలు ఒకరికొకరు బాగా తెలిసినవాళ్ళం. ఎవరి పిల్లలకి ఎన్ని మార్కులో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. ఆ వయసులో అది మోయలేని బరువు. పైగా చాలామంది పన్నెండు అవగానే అమ్మానాన్నలను వదిలి ఇండియాలో హాస్టల్‌కి వెళ్ళాల్సినవాళ్ళే. వెంకమ్మ గారు కొడుకుని వెనక్కి తెచ్చుకున్నారు, కాదనవలసిన చోట కాదన్నారు, మూడోసారి కూడా పరీక్షకి పంపారు. ఆ కుర్రాడు ఏమవుతాడో అప్పటికి ఆమెకూ తెలియదు. ఈ పూజ రోజున మన ఇంట్లో వెనకబడ్డ పిల్లవాడి పుస్తకానికి కూడా అంతే ప్రేమగా పసుపు కుంకుమ పెడదాం. పరీక్ష ఎలా రాసినా ఇంటికి రావచ్చన్న ధైర్యం వాడికి మన నోటితో చెబుదాం.

అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.