డాక్టర్ పట్టాభి సీతారామయ్యగారు: ఆదాయవ్యయాలెరిగిన పెద్ద

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అడిగి తెలుసుకోవడం మన ఆచారం. కన్నవూరు విడిచి సామల్పట్టి చేరినా, హోసూరు, కృష్ణగిరి వైపు స్థిరపడినా, ఆ నాలుగంకెలూ వినందే మనకు పండుగ పూర్తి కాదు. ఆ నాలుగింటినీ నిండుగా చవిచూసిన ఒక తెలుగు పెద్దను ఈ సంచికలో స్మరించుకోవడం ఉచితమని మేము తలచాము. వారు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. కాంగ్రెసు అధ్యక్షులుగా, కాంగ్రెసు చరిత్రకారులుగా వారిని చాలామంది ఎరుగుదురు. తెలుగువాడి పొదుపుకు ఒక దారి చూపినవారుగా తలచుకునేవారు మాత్రం తక్కువ.

వారు 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామంలో జన్మించారు. అది నాడు కృష్ణా జిల్లాలోనిది, నేడు ఏలూరు జిల్లాలోనిది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి పట్టభద్రులై, ఆపైన వైద్యశాస్త్రంలో ఎం. బి. సి. ఎం. పట్టం పొంది మచిలీపట్నంలో వైద్యవృత్తి ప్రారంభించారు. దేశకార్యం వారిని ఆ వృత్తిలో ఎంతోకాలం నిలువనీయలేదు. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారలతో చేయి కలిపి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. 1916 ప్రాంతంలో వైద్యం మానుకొని పూర్తిగా ప్రజాసేవలో దిగారు. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రిక నడిపారు. నాడి చూడడం మానినా రోగ నిదానం మానలేదనాలి. ఇకమీదట వారు చూసిన నాడి గ్రామాలది.

ఆ రోగమేమిటి? ఆనకట్టల పుణ్యమా అని కృష్ణా, గోదావరి డెల్టాలు పచ్చబడ్డాయి. రైతు చేతిలో నాలుగు డబ్బులు మిగలసాగాయి. మిగిలిన డబ్బు నగలుగా మారేది, లేదా వడ్డీకి తిరిగేది. ఒకరి వద్ద దండిగా ఉన్న సొమ్ము పక్కింటివాడి వ్యాపారానికి తగిన వడ్డీకి దొరకేది కాదు. పోనీ పట్నంలో దాచుకుందామా అంటే, 1906లో మద్రాసులోని అర్బత్నాట్ కంపెనీ దివాలా తీసి ఎందరి కూడబెట్టినదో మట్టిపాలు చేసింది. 1913 మొదలు నాలుగైదేళ్లపాటు దేశంలో అనేక స్వదేశీ బ్యాంకులు మూతపడ్డాయి. అందుచేత సామాన్యుడికి బ్యాంకంటే గుబులు, షేరంటే జూదం. ఈ భయాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేమని, నమ్మకంగా నడిచే సంస్థను కళ్లెదుట నిలబెట్టాలని పట్టాభిగారు గ్రహించారు.

1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు వెలసింది. పిమ్మట 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయి, 28వ తేదీన మచిలీపట్నంలో పని మొదలుపెట్టింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు. చెల్లించిన మూలధనం ఒక్క లక్ష మాత్రమే. ఆ లక్ష అంకెకు చిన్నదే కాని భావానికి చిన్నది కాదు. వడ్డీకిచ్చినవాడికి అసలూ వడ్డీయే తప్ప సంస్థతో వేరే సంబంధం లేదు. షేరు కొన్నవాడో, ఆ సంస్థకు పాలివాడు. లాభం వస్తే అందులో తన పాలు డివిడెండుగా తీసుకుంటాడు; రాకపోతే ఊరుకుంటాడు. పొలంలో కౌలుదారుకూ, సొంతదారుకూ ఉన్న భేదమే ఇక్కడా ఉన్నది. సొంతదారు రేపటి సంతలో పొలం ధరెంత అని రోజూ అడగడు. ఏటా ఎంత పండిందో, విత్తనాలకు ఎంత ఉంచామో చూసుకుంటాడు. మంచి కంపెనీ కూడా లాభమంతా పంచిపెట్టదు. కొంత నిధిగా ఉంచుకొని మిగిలినది పంచుతుంది. నిధి లేకుండా పంచే డివిడెండు విత్తనపు గింజలు వండుకు తినడం వంటిది.

1925లో పట్టాభిగారు ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించారు. తరువాత భారతలక్ష్మీ బ్యాంకు, హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ కూడా వారి పూనికతో వచ్చినవే. బీమా వ్యాపారపు కిటుకు విచిత్రమైనది. ప్రీమియం ముందు చేతికొస్తుంది. నష్టం ఎప్పుడో వస్తుంది, రాకపోవచ్చును కూడా. అందుచేత చేతికొచ్చిన ప్రీమియమంతా లాభమేనని భ్రమ కలుగుతుంది. అది లాభం కాదు, భారం. వేలమంది పాలసీదారులకు ఆ భారం పంచి, లెక్కగట్టి, నిధి కట్టిపెట్టినవాడే బీమాదారు. ఒక్క మరణంతో కూలిపోయేవాడు బీమాదారు కాడు, పందెగాడు.

ఇక రాజకీయాల సంగతి. ఉప్పు సత్యాగ్రహంలో వారు జైలుకు వెళ్లారు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంలో ఆ మహాసంస్థ చరిత్ర రచించారు. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్షపదవికి గాంధీజీ మద్దతుతో నిలబడి, 1,377 వోట్లు పొంది, 1,580 వోట్లు పొందిన సుభాష్ చంద్రబోసుగారి చేతిలో ఓడిపోయారు. దేశమంతా చూస్తుండగా జరిగిన ఓటమి అది. ఆ తరువాత 1942లో అరెస్టయి, తోటి కార్యవర్గ సభ్యులతో అహమద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు గడిపారు. 1948లో జయపూరు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. అవమానం తొమ్మిదేళ్లకు రాజపూజ్యమైంది. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉండి, 1959 డిసెంబరు 17న పరమపదించారు.

వారిమీద తెలుగువారికి ఒక మనస్తాపం లేకపోలేదు. ఎల్లకు ఇవతల ఉన్న మాకు అది మరీ ఎక్కువ. ఆంధ్రోద్యమంలో తొలినుంచీ ముందున్న ఆయనే, జవహర్‌లాల్, వల్లభభాయి గారలతో కూడిన సంఘంలో సభ్యులై, మద్రాసు నగరంమీద హక్కు వదులుకుంటేనే ఆంధ్రరాష్ట్రమనే 1949 నాటి నివేదికపై సంతకం చేశారు. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చింది. హోసూరు, కృష్ణగిరి సీమల తెలుగు ఇళ్లు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. దీన్ని మేము దాచము. అయితే చేతికి రాని దానికోసం చేతిలోనిది పోగొట్టుకోరాదన్న లెక్క ఆ సంతకంలోనూ ఉన్నదేమోనని మాకు తోస్తుంది. ఆ లెక్క సరియైనదా కాదా అనేది పాఠకులకే వదులుతున్నాము.

వారు నాటిన చెట్ల గతి ఏమయింది? 1956లో జీవిత బీమా జాతీయమై ఎల్. ఐ. సి. ఏర్పడింది. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 2001లో మళ్లీ ప్రజలకు షేర్లు అమ్మింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లున్నవారికి 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. పేరు పోయిందని బాధపడ్డవారు మా సంఘంలోనూ ఉన్నారు. బిడ్డ పెళ్లికని దాచిన కాగితాన్నయినా ఏడాదికొకసారి విప్పి చూసుకోవాలని అది మనకు నేర్పింది.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నామంటే, నేడు మా పిల్లలు సెల్‌ఫోనులోనే షేర్లు కొంటున్నారు. సంతోషమే. కొందరు అంతటితో ఆగక ఆప్షన్లు అమ్మి వారంవారం ఆదాయం తీస్తున్నామంటున్నారు. పడిపోతే ఫలానా ధరకు నేను కొంటానని మాటిచ్చి, ఆ మాటకు ప్రీమియం పుచ్చుకోవడమే పుట్ అమ్మకం. అంటే బీమా కంపెనీ పని తానొక్కడే తలకెత్తుకోవడం. కొనడానికి తగిన డబ్బు పక్కన పెట్టుకొని, కొనదగిన షేరు మీదనే మాటిచ్చేవాడి సంగతి వేరు. చేతిలో ఉన్న షేరును హెచ్చు ధరకు అమ్ముతానని కాల్ అమ్మేవాడి సంగతీ వేరు. ధర పెరిగితే పై లాభం పోతుందే గాని ఇల్లు పోదు. చేతిలో డబ్బూ లేక, షేరూ లేక మాటలమ్మేవాడికి ఒక్కరోజు చాలు. 2024 జూన్ 4న, లోకసభ ఎన్నికల ఫలితాలనాడు, మార్కెటు సూచీ ఒక్కపూటలో సుమారు ఆరు శాతం పడింది. ఏడాది ప్రీమియమూ ఆ పూటతో సరి అయినవారున్నారు. 2021–22 నుంచి మూడేళ్ల లెక్కలు తీసిన సెబీ, ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారని 2024లో ప్రకటించింది. అసలు కంటే వడ్డీ ముద్దంటారు. ఆ ముద్దు అసలుకే ఎసరు పెట్టరాదు.

పట్టాభిగారు ఏ షేరు కొనమనీ మనకు చెప్పిపోలేదు. సంస్థను చూసి నమ్మడం, పాలివాడుగా ఓర్చుకోవడం, ప్రీమియం పుచ్చుకుంటే నిధి కట్టడం అనే మూడింటినీ చేసి చూపారు. ఈ ఉగాదికి మా సభ్యుల ఇళ్లన్నిటా ఆదాయం వ్యయానికి ఒక్క పాలైనా మించి ఉండాలనీ, ఆ మిగులు తెలివిగల చోట నిలవాలనీ కోరుకుంటూ, ఆ పెద్దమనిషికి నమస్కరిస్తున్నాము.