బెంగుళూరు నాగరత్నమ్మ: ఒక పుస్తకం, ఒక సమాధి

ఈ సెమిస్టర్ హ్యుమానిటీస్ ఎలక్టివ్‌లో మా టీమ్‌కి వచ్చిన ప్రాజెక్ట్ టాపిక్ ‘మతం, తత్వం, సంస్కృతిలో స్త్రీలు’. గార్గిని ఒకరు, అక్క మహాదేవిని ఒకరు, మొల్లని ఒకరు ముందే తీసేసుకున్నారు. నేను తీసుకున్నది బెంగుళూరు నాగరత్నమ్మని. పాటలు నేర్చుకున్నవాళ్ళకి ఈ పేరు బాగా తెలుసు. తిరువయ్యూరులో త్యాగరాజుకి గుడి కట్టించిన ఆవిడ అని చెప్తారు. నిజమే, కానీ అది సగం కథే. మిగతా సగం ఒక తెలుగు పుస్తకం గురించి. రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆవిడ రెండు చోట్లా ఒకే గొడవ పడ్డారని నాకు అనిపించింది.

నాగరత్నమ్మ 1878 నవంబరులో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులంలో మనిషి. తండ్రి సుబ్బారావు అనే వకీలు, కొద్ది రోజులకే వీళ్ళని వదిలేశాడు. తర్వాత మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే సంస్కృత పండితుడి దగ్గర పిల్ల చదువుకుంది. చిన్న వయసులోనే సంస్కృతం బాగా వంటబట్టింది. తర్వాత ఆ ఆశ్రయం కూడా పోయింది. పిల్లని పెద్ద విద్వాంసురాలిని చేశాకే మళ్ళీ మైసూరులో అడుగు పెడతానని తల్లి శపథం పట్టిందని చెప్తారు. బెంగుళూరులో మునుస్వామప్ప దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఆయనది వాలాజాపేట శిష్య పరంపర, అంటే నేరుగా త్యాగరాజు నుంచి దిగివచ్చిన పాఠం. కన్నడం ఇంటి భాష, పాట తెలుగు, చదువు సంస్కృతం, తర్వాత మకాం పెట్టింది మద్రాసులో కాబట్టి అరవం కూడా. తెలుగు మీడియం, ఇంగ్లీష్ మీడియం అని కొట్టుకునే మనలాంటి వాళ్ళకి ఇది కాస్త కుళ్ళు పుట్టించే విషయమే.

కచేరీల గురించి ఎక్కువ చెప్పను. 1905 నుంచి 1934 దాకా 146 ఊళ్ళలో 1235 కచేరీలు చేశారు. ఈ లెక్క తెలిసిందంటే ఆవిడ రాసి పెట్టుకోబట్టే. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి గాయని ఆవిడే అని కూడా అంటారు. గ్రామఫోన్ వచ్చిన తొలి రోజుల్లోనే పాట రికార్డు ఇచ్చారు. అంటే బాగా సంపాదించారు, బాగా పేరు తెచ్చుకున్నారు. హాయిగా అక్కడే ఆగిపోవచ్చు కదా. ఆగలేదు.

ఇక పుస్తకం సంగతి. తంజావూరుని ఏలిన ఆంధ్ర రాజుల చరిత్ర చదువుతుంటే ఆవిడకి ‘రాధికా సాంత్వనము’ అనే కావ్యం పేరు కనిపించింది. రాసింది ముద్దుపళని. 18వ శతాబ్దంలో ప్రతాపసింహ మహారాజు ఆస్థానంలో ఉన్న వేశ్య, కవయిత్రి. కథ చాలా కొత్తగా ఉంటుంది. రాధ తను పెంచిన ఇళ అనే అమ్మాయిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. దగ్గరుండి అలంకరించి, జాగ్రత్తలన్నీ చెప్పి పంపుతుంది. తీరా పంపాక తట్టుకోలేకపోతుంది. అలిగిన రాధని కృష్ణుడు ఊరడించడమే సాంత్వనం. ఇందులో కోరిక ఆడదానిది, అలక ఆడదానిది, మాటా ఆడదానిదే. మగకవులు శృంగారం రాయడం మనకి కొత్త కాదు. ఇక్కడ కళ్ళు మాత్రం రాధవి.

నాగరత్నమ్మ ఈ పుస్తకం కోసం చాలా వెతికారు. 1887లో పైడిపాటి వెంకటనరసు వేసిన అచ్చుప్రతి దొరికింది. తర్వాత ఒక రాతప్రతి కూడా చేతికొచ్చింది. రెండూ పక్కన పెట్టి చూస్తే అచ్చులో కొన్ని పద్యాలు లేవు. అంతకన్నా ముఖ్యంగా, ముద్దుపళని తన గురించి, తన ఇంటి ఆడవాళ్ళ గురించి చెప్పుకున్న పీఠిక లేదు. మనం రెండు వర్షన్లకి డిఫ్ కొట్టి చూస్తాం కదా, ఆవిడ వంద ఏళ్ళ క్రితం చేతితో చేసిన పని అదే. తీసేసినవి ఏవో చూస్తే ఎందుకు తీసేశారో కూడా కొంత అర్థమవుతుంది. శృంగార పద్యాలు తీసేయడం ఒక రకం. నేను ఫలానా వాళ్ళ మనవరాలిని, నాకు కవులు కావ్యాలు అంకితమిచ్చారు అని ఒక ఆడమనిషి గర్వంగా చెప్పుకున్న భాగం తీసేయడం ఇంకో రకం. నాకు రెండోదే ఎక్కువ కోపం తెప్పించింది.

నాగరత్నమ్మ మొత్తం 584 పద్యాలతో, పీఠికతో సహా పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించారు. పెద్ద దుమారం లేచింది. అంతకు ముందే కందుకూరి వీరేశలింగం పంతులు గారు తన ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆమె కులాన్ని ఎత్తి, ఆడవాళ్ళు వినకూడని బూతు రాసిందని తీసిపారేశారు. ఇక్కడ నేను కాసేపు ఇరుక్కుపోయాను. స్కూల్లో మనందరం వీరేశలింగం గారి పాఠం చదివాం. వితంతువులకి పెళ్ళిళ్ళు చేయించిన మనిషి, ఆడపిల్లలకి బడి పెట్టిన మనిషి. ఆయన ఇటువైపు ఉంటారని అనుకుంటాం కదా, లేరు. ఆడవాళ్ళకి చదువు కావాలి, అయితే ఆ చదువుకున్న ఆడది ఎలా ఉండాలో కూడా ఆయనే చెప్తారు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. తన ముందుమాటలోనే ఆయనకి జవాబిచ్చారు. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా మగవాళ్ళకి అక్కర్లేదా అని నిలదీశారు. ఇదే మోతాదు శృంగారం ఉన్న ‘వైజయంతీ విలాసం’ని ఆయనే చూసి అచ్చుకి సరే అన్నారని గుర్తు చేశారు. అరిచి గోల చేయలేదు, ఇద్దరికీ ఒకే కొలత పెట్టమన్నారు, అంతే. అప్పటికి ఆవిడకి 32 ఏళ్ళు. అవతల ఉన్నది తెలుగుదేశం మొత్తం తల వంచే పెద్దాయన.

జవాబు బాగుందని పుస్తకం బతకలేదు. పోలీసులు వావిళ్ళ వారి దగ్గర ప్రతులు పట్టుకున్నారు. అశ్లీలం పేరుతో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. పండితులు అర్జీలు పెట్టుకున్నా లాభం లేకపోయింది.

రెండో గొడవ సమాధి దగ్గర. త్యాగరాజు 1847లో తిరువయ్యూరులో కావేరి ఒడ్డున పోయారు. శిష్యులు పోయే కొద్దీ సమాధిని పట్టించుకునేవాళ్ళు తగ్గారు. 1903లో ఉమయాళ్పురం భాగవతులు ఒకసారి బాగు చేయించారు గానీ అదీ నిలవలేదు. 1921లో విద్వాంసుడు బిడారం కృష్ణప్ప ఆ సమాధి దుస్థితి గురించి ఆవిడకి ఉత్తరం రాశారు. త్యాగరాజు కలలో కనిపించారని కూడా ఆవిడ నమ్మారు. స్థలం సంపాదించి, నగలు, ఆస్తి అమ్మి, గుడి కట్టించి కుంభాభిషేకం చేయించారు.

మరి ఏటా ఆరాధనలో ఎవరు పాడాలి? అప్పటికే అక్కడ పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు ముఠాలు. ఒకరంటే ఒకరికి పడదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటే: ఆడవాళ్ళు ఆ సన్నిధిలో పాడకూడదు. గుడి కట్టడానికి ఆవిడ నగలు పనికొచ్చాయి, గొంతు పనికిరాలేదు. నాగరత్నమ్మ అక్కడినుంచి వెళ్ళిపోలేదు, బతిమాలుతూ కూర్చోనూ లేదు. 1927 నుంచి ఆడవాళ్ళతో మూడో ముఠా పెట్టి, సమాధి వెనకాల వేరే ఆరాధన మొదలుపెట్టారు. ముందుభాగం వాళ్ళదైతే వెనకభాగం మాది అన్నట్టు. చివరికి 1940-41 ప్రాంతంలో అందరూ ఒకే ఉత్సవంగా కలిశారు. ఇప్పుడు టీవీలో పుష్య బహుళ పంచమి నాడు వందలమంది కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు కదా, అందులో ఆడవాళ్ళు కూడా కూర్చున్నారంటే వెనక ఈ కథ ఉంది.

ఇదంతా చదివి ఆవిడని పోస్టర్ మీద బొమ్మ చేసేయొచ్చు. కానీ 1927లోనే ఇంకో విషయం జరిగింది, దాన్ని దాటవేయలేను. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ పద్ధతి రద్దు చేయాలని తీర్మానం తెచ్చారు. నాగరత్నమ్మ మద్రాసు దేవదాసీల సంఘం తరఫున ఎదురు నిలబడ్డారు. దేవదాసి అంటే వ్యభిచారి అని చట్టంలో రాయొద్దు, మా విద్యకి, మా ఆస్తిహక్కుకి ఏమవుతుంది అన్నది ఆవిడ వాదం. అటువైపు ఉన్నవాళ్ళు కూడా ఆడవాళ్ళే. అదే కులంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం పద్ధతి పోవాలని తెలుగునాట తిరిగి ప్రచారం చేశారు. 1947లో చట్టం వచ్చింది.

మా టీమ్‌లో దీనిమీద చాలాసేపు వాదించుకున్నాం. 1235 కచేరీలు చేసిన మనిషి అనుభవం వేరు, పల్లెలో పొట్టకూటికి గుడికి అప్పజెప్పిన పదేళ్ళ పిల్ల అనుభవం వేరు. ఆ పిల్ల కోసం చట్టం కావాల్సిందే, నాకు అందులో అనుమానం లేదు. కానీ తన కులాన్ని అవమానం కింద వాడకండి అన్న నాగరత్నమ్మ మాట కూడా తప్పు కాదు. ముద్దుపళని విషయంలో ఆవిడ అన్నది అదే, సమాధి దగ్గర అడిగింది కూడా దాదాపు అదే. ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ‘ఆధునిక భావాలు గల స్త్రీ’ అని ఒక లైన్ ఉంటే నేను కొట్టేయించాను. ఆవిడకి మన సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఆస్తి అంతా త్యాగరాజ సేవకే రాసి, దేవదాసీలతో సహా ఆడవాళ్ళకి అక్కడ పూజ చేసే, పాడే హక్కు ఉండాలని వీలునామాలో పెట్టారు. తన తర్వాత మళ్ళీ ఎవరైనా తలుపు వేస్తారేమో అన్న అనుమానం ఆవిడకి చివరిదాకా ఉన్నట్టుంది. అటు ‘రాధికా సాంత్వనము’ మీద నిషేధం తీయించడానికి టంగుటూరి ప్రకాశం గారు పూనుకున్నారు. 1947లో నిషేధం పోయింది. 1952లో వావిళ్ళ వారు పుస్తకాన్ని మళ్ళీ వేశారు.

ఆ సంవత్సరమే మే 19న నాగరత్నమ్మ పోయారు. ఆవిడ సమాధి కూడా తిరువయ్యూరులోనే, త్యాగరాజు సమాధి ఎదురుగా ఉంది. అక్కడ ఆవిడ విగ్రహం చేతులు జోడించుకుని ఆయన వైపే చూస్తూ కూర్చుని ఉంటుంది.