డాక్టరు రైఖ్మను
ఇరుగుపొరుగు రాజ్యములు కత్తులు నూరుకొనుచుండగా సరిహద్దు జనుల ఆరోగ్యమును కాపాడువారెవరు? ఈ ప్రశ్నకు చేతలతో సమాధానము చెప్పినవాడు లుడ్విక్ రైఖ్మను. ఆయన 1881లో, రష్యా చక్రవర్తి యేలుబడిలోనున్న వార్సా నగరమున జన్మించెను. క్రాకోలో వైద్యము చదివెను. 1918లో పోలెండు స్వతంత్రము కాగానే స్వదేశమునకు మరలెను.

అప్పుడు పేలవలన వ్యాపించు టైఫస్ జ్వరము తూర్పు యూరపును దహించుచుండెను. యుద్ధఖైదీలును కాందిశీకులును రైళ్లలో క్రిక్కిరిసి దానిని మోసికొని వచ్చుచుండిరి. సరిహద్దున వారిని నిలిపి స్నానము చేయించి, బట్టలలోని పేలను చంపించుట మొదటి పని. అది చాలదు, ఆవలివైపున రోగమెక్కడ రగిలినదో ముందుగా తెలియవలెను. తెలుపవలసినవాడో, నిన్నటి శత్రువు! పోలెండు, రష్యాల యుద్ధము 1921 మార్చిలో రీగా సంధితో ముగిసెను. ఏడాది తిరుగగనే, 1922 మార్చిలో వార్సాయందు జరిగిన ఆరోగ్య మహాసభలో ఉభయుల ప్రతినిధులును కలిసి కూర్చుండిరి. నానాజాతిసమితిలో చేరని జర్మనీయు వచ్చెను. 1923లో పోలెండు సోవియట్లతో ఆరోగ్యపు ఒడంబడిక చేసికొనెను. రాజనీతిజ్ఞులకు సాధ్యము కానిది పేలవలన సాధ్యమయ్యెననవలెను.

రైఖ్మను 1921 నుండి సమితి ఆరోగ్యశాఖ కధిపతి. 1925లో సింగపూరున నెలకొల్పిన కార్యాలయమునకు తూర్పురేవులనుండి ప్లేగు, కలరా వార్తలు తంతిద్వారా చేరుచుండెను. చైనా రేవులలో ఓడల ఆరోగ్యతనిఖీ చిరకాలము విదేశీయుల పెత్తనమున నుండెను; 1930లో అది చైనా ప్రభుత్వము వశమగుటకు ఆయన తోడ్పడెను. పరాధీనదేశమున పుట్టినవానికి ఆ మర్మము తెలియకుండునా? జపాను దండయాత్రవేళ చైనా పక్షమును బాహాటముగా వహించి, సమితి పెద్దలకు కంటగింపయ్యెను. 1939లో ఆయన పదవి పోయెను.

1946లో యూనిసెఫ్ స్థాపనకు పూనుకొని, 1950 వరకు దానికి మొదటి అధ్యక్షుడుగా నుండెను. 1965లో ఫ్రాన్సున మరణించెను.